కుట్టు పొడుగు

ఆ ఇంట్లో జబ్బును కొలిచేది జ్వరంతోనూ కాదు, నొప్పితోనూ కాదు, కుట్టు పొడుగుతో. అత్తగారికి బొడ్డు కింద నుంచి నిలువునా దిగిన కుట్టు ఉంది, రెండో కొడుకు కాన్పు నాటిది. పెద్దకోడలికి పొత్తికడుపు మీద ఈ పక్క నుంచి ఆ పక్కకు అడ్డంగా సాగిన కుట్టు ఉంది, గర్భసంచి తీసినప్పటిది. ఎవరైనా ఆడవాళ్ళు ఇంటికొస్తే మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టేలోపే మాట ఆపరేషన్ల మీదికి మళ్ళేది. నిలువుకుట్టు మానడం కష్టమని అత్తగారు, అడ్డకుట్టు లాగినట్టు నిలువుకుట్టు లాగదని పెద్దకోడలు పంతాలకు పోయేవాళ్ళు. చిన్నకోడలికి ఆ పోటీలో చోటే లేదు. ఒంటి మీద ఒక్క గాటైనా ఉంటే కదా! కూతురు కూడా మామూలు కాన్పులోనే పుట్టింది.

ఆమెను ఇంటిల్లిపాదీ పుల్ల అని పిలుస్తారు. పెళ్ళినాటికి గాలి వీస్తే పడిపోయేటట్టు ఉండేదట. తర్వాత ఒళ్ళు చేసింది, తడిబట్టల బుట్టలు మోసి మోసి భుజాలు గట్టిపడ్డాయి, పేరు మాత్రం పుల్లగానే మిగిలిపోయింది.

ఇంటి ముందుభాగమంతా లాండ్రీ షాపు. హోటళ్ళ దుప్పట్లు, టేబుల్ గుడ్డలు, నర్సుల యూనిఫారాలు వస్తాయి. ఉతకడానికి మెషీన్లున్నాయి. కానీ ఆ షాపుకు పేరు తెచ్చింది గంజి. గంజిలో ముంచిన గుడ్డను మెషీన్లో వేసి పిండితే గంజి కాస్తా నీళ్ళతో పోతుంది, చేత్తోనే పిండాలి. పెద్ద టేబుల్ గుడ్డ అయితే ఇద్దరు కావాలి. ఎదురెదురుగా నిలబడి, చెరొక చివరా పట్టుకుని, మెలితిప్పుతూ, మడమలు నేలకు తన్నిపెట్టి వెనక్కి వాలాలి. చూసేవాళ్ళకు అది చేతుల పని. చేసేవాళ్ళకు తెలుసు అది కడుపుతో చేసే పని అని. ఇస్త్రీ మగవాళ్ళది, పిండడం ఆడవాళ్ళది. ఈ పంపకం ఎవరు చేశారో ఎవరికీ తెలియదు, మార్చాలని కూడా ఎవరికీ తోచలేదు. పెద్దకొడుకు బండి మీద బట్టలు చేరవేస్తాడు, చిన్నకొడుకు, అంటే పుల్ల మొగుడు, ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడతాడు.

పెద్దకోడలికి ఆపరేషన్ అయినప్పుడు ఆమె మూడు నెలలు మంచం దిగలేదు. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు కుర్చీలో కూర్చోబెట్టి నలుగురూ మోసుకుని లోపలికి తెచ్చారు. పుల్ల ఆమెకు ఒళ్ళు తుడిచింది, తల దువ్వింది, చెప్పుకోకూడని పనులు కూడా ముఖం చిట్లించకుండా చేసింది. అప్పటికి అత్తగారి వేళ్ళు ఇంకా కీళ్ళవాతానికి వంకర్లు పోలేదు గనక టేబుల్ గుడ్డల రెండో చివర ఆవిడ పట్టుకునేది. ఆ మూడో నెలలో మాత్రం పుల్లకు విసుగొచ్చి, "అక్కకి నొప్పి తగ్గింది గానీ మంచం మీద ప్రేమ తగ్గడం లేదు" అని మొగుడితో అన్నమాట నిజం. ఎదురుగా అనలేదు. ఎందుకనాలి? ఈవేళ నేను నీకు, రేపు నువ్వు నాకు. నోటితో చెప్పుకోకపోయినా ఇళ్ళు నడిచేది ఆ ధీమా మీదే కదా అనుకుంది పిచ్చిది.

ఆమె వంతు వచ్చింది. వచ్చే ముందు జబ్బు చాలా కాలం వేధించింది. నెలనెలా రక్తం పోయి పోయి ముఖం పాలిపోయింది, మెట్లెక్కితే ఆయాసం, నిలబడితే కళ్ళు తిరగడం. గర్భసంచిలో గడ్డలున్నాయి, ఒకటి నిమ్మకాయంత, ఒకటి బత్తాయంత అని స్కానింగ్‌లో తేలింది. మందులతో లాభం లేకపోయింది. డాక్టరమ్మ ఆమెను కూర్చోబెట్టి, కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది.

"ఇదివరకటిలా కడుపంతా కొయ్యం అమ్మా. బొడ్డు దగ్గర ఒక చిన్న గాటు, పక్కల రెండు. అందులోంచి కెమెరా పంపి, టీవీలో చూస్తూ, సంచిని విడదీసి కింద నుంచి తీసేస్తాం. లాపరోస్కోపీ అంటారు. రెండోరోజే ఇంటికెళ్ళిపోవచ్చు."

పుల్లకు ప్రాణం లేచొచ్చింది. కత్తంటే ఆమెకు చచ్చేంత భయం. డాక్టరమ్మ మంచి మనిషి, చెయ్యి కూడా మంచిది. కాకపోతే మనిషన్నాక తన పనితనం చూసుకుని కాస్త మురిసిపోకుండా ఉండలేదు. రెండోరోజే ఇంటికి అన్న మాట గంట కొట్టినట్టు చెప్పింది. లోపల కుట్లు పెద్దవే, మూడు నెలలు బరువు పనులు కూడదు అన్న మాట మాత్రం ఆపరేషన్ అయ్యాక వరండాలో నడుస్తూ మొగుడికి చెప్పింది. ఆ మహానుభావుడు తలకాయ ఊపాడు. ఇంటికి ఫోన్ చేసి, "అంతా బాగానే అయిందమ్మా. మూడు చుక్కలు పెట్టారంతే. రేపే పంపించేస్తారట" అన్నాడు. బరువుల సంగతి చెప్పడం మరిచిపోయాడో, చెప్పేంత పెద్ద విషయం కాదనుకున్నాడో వాడికే తెలియాలి.

పుల్ల చేసిన తప్పు ఒకటుంది. బండి దిగి తన కాళ్ళ మీద తాను నడుచుకుంటూ ఇంట్లోకి వచ్చింది. గోడ పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చినా, నడిచే వచ్చింది. పక్క షాపు వాళ్ళు చూశారు, పెద్దకోడలు చూసింది. అప్పుడే ఆమె జబ్బు సగం చచ్చిపోయింది.

మిగతా సగం అత్తగారు చంపింది. మంచం మీద పడుకోగానే కళ్ళజోడు పెట్టుకుని వచ్చి, "ఏదీ, చూడనీ" అంది. బట్ట పక్కకు తీసి వంగి చూసింది. బొడ్డు దగ్గర ఒక చిన్న ప్లాస్టరు, పక్కల రెండు.

"ఇంతేనా?"

"ఇంతే అత్తయ్యా. లోపల మాత్రం పెద్దగా కుట్టారట."

"లోపలిది ఎవరికి కనిపిస్తుందే? మా కాలంలో కడుపు చీరితే చీరినట్టుండేది." వెనక నిలబడ్డ పెద్దకోడలి వైపు తిరిగి, "ఇదేం ఆపరేషనే, దోమ కుట్టినా ఇంతకన్నా దద్దురొస్తుంది" అని నవ్వింది.

పెద్దకోడలు పైకి నవ్వలేదు, కానీ ఆమె ముఖంలో ఒక నిశ్చింత కనిపించింది. తన కుట్టుకు పోటీ రాదని తేలిపోయింది. ఆమెను అంతగా తప్పుపట్టి లాభం లేదు. వర్షం పడితే ఇప్పటికీ ఆ కుట్టు సలుపుతుంది. ఆ ఇంటికొచ్చాక ఆమెకంటూ మిగిలిన గౌరవం ఆ మూడు నెలల మంచమే. దాన్ని ఎవతో మూడు చుక్కలతో కొట్టేస్తానంటే ఏ ఆడదైనా ఊరుకుంటుందా?

మర్నాటికి పుల్లకు కుడిభుజం విరిచినట్టు నొప్పెట్టడం మొదలైంది. ఊపిరి పీలిస్తే పొడిచినట్టుండేది. కాస్త వేడినీళ్ళ సంచి పెట్టమని అడిగింది.

"భుజమా?" పెద్దకోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. "కోసింది కడుపు, నొప్పి భుజానికా?"

"కడుపులోకి గాలి పంపిస్తారంటక్కా, లోపల బాగా కనబడడానికి. ఆ గాలి పైకి తన్ని భుజంలో నొప్పొస్తుందట. డాక్టరమ్మే చెప్పింది."

"గాలి ఊదారా! నీ కడుపేమైనా సైకిల్ ట్యూబా?"

ఆ మాట షాపులోకి వెళ్ళింది, షాపు నుంచి వీధిలోకి వెళ్ళింది. బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళు కూడా, "ఏమ్మా, గాలి దిగిందా?" అని పలకరించి పోయేవాళ్ళు. పుల్ల నవ్వడానికి ప్రయత్నించేది. నవ్వితే కడుపు లోపల ఎక్కడో పట్టి లాగేది. లాగుతోందని చెబితే మళ్ళీ నవ్వుతారు. మింగలేక కక్కలేక గోడవైపు తిరిగి పడుకునేది. నిజంగా జరిగిన దానికి సాక్ష్యం లేకపోతే మనిషికి ఎంత సిగ్గుగా ఉంటుందో ఆ గోడకు మాత్రమే తెలుసు. అక్క మూడో నెలలో తాను మొగుడితో అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. అక్క నొప్పి కూడా ఇలాగే లోపల ఉండేదేమో, చూసొచ్చానా నేను, అనుకుంది.

మొగుడితో ఒకసారి గట్టిగానే అంది. "బరువులు వద్దని డాక్టరమ్మ మీతో చెప్పిందని మీరే అన్నారు కదండీ? ఆ మాట అత్తయ్యకి చెప్పండి."

"చెప్తాలే."

"ఎప్పుడు?"

"సందర్భం రావాలి కదా. ఇప్పుడు అందరూ పని ఒత్తిడిలో ఉన్నారు. నువ్వు పడుకో, ఎవరు లేపుతున్నారు నిన్ను?"

గోడమీద పిల్లి ఎటు దూకాలో తేల్చుకునే లోపు ఎలుక చచ్చింది. ఆపరేషన్ అయిన మూడో వారంలో ఒక పెద్ద హోటలు నుంచి ఒకేసారి టేబుల్ గుడ్డలన్నీ వచ్చిపడ్డాయి, సాయంత్రానికల్లా ఇస్త్రీ మడతలతో తిరిగి కావాలన్నారు. పెద్దకోడలు గంజి తొట్టి దగ్గర నిలబడి ఒక గుడ్డ పైకి తీసింది. నీళ్ళు కారుతున్న గుడ్డను చేతుల్లో పట్టుకుని వెనక గది వైపు కేక పెట్టింది.

"పుల్లా! ఒక్కసారి వచ్చి ఆ చివర పట్టుకో."

"అక్కా, బరువు పనులు చెయ్యొద్దన్నారు నన్ను."

"బరువు ఎత్తమన్నానా? చివర పట్టుకోమన్నాను. ఊరికే నిలబడు, మెలి నేను తిప్పుకుంటా."

అత్తగారు షాపులోంచి అందుకుంది. "నా కుట్టు పచ్చిగా ఉండగానే తడిబట్టల బుట్ట నెత్తికెత్తింది మా అత్త. చచ్చానా? ఇదిగో, బతికే ఉన్నా. మూడు చుక్కలకి ఇంత రాగం తీస్తే రేపు ముల్లు గుచ్చుకున్నా మంచం ఎక్కుతారు."

ఇస్త్రీ పెట్టె ఒక్క క్షణం ఆగింది. పుల్ల ఆ నిశ్శబ్దాన్ని విన్నది, ఇప్పుడైనా నోరు విప్పుతాడని. సందర్భం అంటే ఇంతకన్నా ఏం కావాలి? ఇస్త్రీ పెట్టె మళ్ళీ బుస్సుమంది. తేలు కుట్టిన దొంగ కూడా అంతకన్నా కాస్త చప్పుడు చేస్తాడు.

ఆమె లేచింది. భయపడి కాదు, మొహమాటంతోనూ కాదు. అబద్ధాలకోరు అనిపించుకోలేక లేచింది. ఇరవై ఏళ్ళుగా ఆ తొట్టి దగ్గర వంచని నడుము లేదు, మొయ్యని బుట్ట లేదు. ఇవాళ మంచం మీద పడుకుని నటిస్తోందన్న మాట పడలేకపోయింది.

ఊరికే నిలబడి టేబుల్ గుడ్డను పట్టుకోవడం అన్నది లోకంలో లేదు. అవతలి మనిషి లాగితే ఇవతలి మనిషి వెనక్కి వాలాలి, లేకపోతే ముందుకు పడుతుంది. మొదటి గుడ్డకు జాగ్రత్తగానే నిలబడింది. తర్వాత చేతులు వాటంతట అవే పాత పనిలో పడ్డాయి, మడమలు నేలకు తన్నుకున్నాయి, కడుపు బిగిసింది. పిండిన గుడ్డలు పక్కన కుప్ప పడుతున్నాయి. పెద్దకోడలు కూడా పాతరోజుల్లోలా ఏదో కబురు చెబుతోంది, హోటలు మేనేజరు తలకు వేసుకున్న రంగు గురించి. పుల్లకు నవ్వొచ్చింది కూడా. ఆ నవ్వు మధ్యలోనే లోపల ఏదో తెగినట్టు అయింది. నొప్పి కూడా కాదు, పట్టు వదిలేసినట్టు. కాళ్ళ వెంట వెచ్చగా దిగింది.

కిందికి చూసింది. గంజి నీళ్ళలో ఎరుపు కలుస్తోంది.

"అయ్యో, నెలసరి వచ్చినట్టుందే. వెళ్ళి గుడ్డ పెట్టుకునిరా" అంది పెద్దకోడలు, చేతిలో గుడ్డ వదలకుండానే.

"సంచే తీసేశాక నెలసరి ఎక్కణ్ణుంచి వస్తుందక్కా?" అంది పుల్ల. అని, అక్కడే తొట్టి అంచు పట్టుకుని కూలబడింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ పరీక్ష చేసి గ్లౌజులు విప్పి బుట్టలో కొట్టింది. "ఏం పని చేశావమ్మా?"

"బట్టలు పిండాను."

"మీ ఆయనకి చెప్పాను కదా నేను? సంచి తీసిన చోట లోపల మూసి కుట్టాం. అది అతుక్కోవడానికి నెలలు పడుతుంది. బయట మూడు చుక్కలు మానిపోయాయని లోపల మానినట్టా? లోపలి కుట్లు సగం ఊడాయి. అదృష్టం, పేగు జారలేదు. ఇప్పుడే మళ్ళీ కుట్టాలి."

"మళ్ళీ కడుపు మీద గాట్లు పెడతారా?"

"అక్కర్లేదు. కింద నుంచే కుట్టేస్తాను. బయట ఒక్క గాటు కూడా ఉండదు" అంది డాక్టరమ్మ, ధైర్యం చెబుతున్నానని అనుకుంటూ.

పుల్ల ఆమె చెయ్యి పట్టుకుంది. "డాక్టరమ్మా, ఒక్క సాయం చెయ్యండి. పైన కూడా ఒక గాటు పెట్టండి."

"ఏమిటి?"

"పొడుగ్గా. ఈ పక్క నుంచి ఆ పక్కకి. లోపలికి అక్కర్లేదు, తోలు వరకు చాలు. కుట్లు కనబడేటట్టు కుట్టండి, మచ్చ మిగిలేటట్టు."

పక్కనున్న నర్సు కిసుక్కున నవ్వింది. డాక్టరమ్మ కూడా నవ్వబోయింది. మంచం మీది మనిషి ముఖం చూసి ఆగిపోయింది.

"అలా చెయ్యకూడదమ్మా. గాటు ఎంత చిన్నదైతే మీకంత మేలని, అదే నేర్చుకోడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది."

"మీ చెయ్యి మంచిదే. మా ఇంట్లో కళ్ళే మంచివి కావు. మచ్చ లేకపోతే నన్ను పడుకోనివ్వరు." అడగకూడనిది అడిగానని ఆమెకు తెలుసు. అయినా డాక్టరమ్మ చెయ్యి వదల్లేదు, మత్తు ఇచ్చేదాకా వదల్లేదు.

గాటు పెట్టలేదు. పెట్టరు కదా. డాక్టరమ్మ మొగుణ్ణి పిలిచి ఈసారి నిలబెట్టి, వేలు చూపించి మరీ చెప్పింది. అతను చేతులు కట్టుకుని అలాగేనండి, తప్పకుండా అన్నాడు. ఇంటికొచ్చాక తల్లితో చెప్పాడు కూడా, పాపం. "కొన్నాళ్ళు పని చెప్పొద్దన్నారమ్మా."

అత్తగారు మళ్ళీ వంగి చూసింది. "ఈసారి ఎక్కడ కోశారే?"

"లోపల."

"పైన ఏమీ లేదా?"

"లేదు."

"కుట్టే లేని ఆపరేషను కూడా వచ్చిందన్నమాట" అంది పెద్దకోడలు. ఆమె గొంతులో వెటకారం తక్కువే. నేల మీది రక్తం ఆమె కళ్ళారా చూసింది. కానీ ఆ రక్తాన్ని కడిగింది కూడా ఆమే. కడిగాక అక్కడ తడి తప్ప ఏమీ మిగల్లేదు.

కొద్దిరోజులు ఎవరూ పిలవలేదు. తర్వాత పిలిచారు. మళ్ళీ టేబుల్ గుడ్డలే. పుల్ల షాపులో, రసీదుల బల్ల వెనకున్న కుర్చీలో కూర్చుని ఉంది. పెద్దకోడలు గుడ్డ పట్టుకుని నిలబడి, "పుల్లా, ఒక్క పది గుడ్డలే" అంది.

పుల్ల కదల్లేదు.

"నిన్నే!"

"వినబడింది. నేను రానక్కా."

"నొప్పిగా ఉందా?"

నొప్పి అంటే ఎక్కడ అంటారు. లోపల అంటే చూపించు అంటారు. డాక్టరమ్మ చెప్పింది అంటే మా కాలంలో అంటారు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఆమె కడుపు రెండుసార్లు చించుకుంది, కాళ్ళ మీద పడ్డా ఎవరికీ ఆనలేదు. నిజం చెప్పి చెప్పి ఆమె నోరు అలిసిపోయింది.

"నొప్పేం లేదు" అంది. "ఒళ్ళు వంగడం లేదు. బద్ధకం. పనిదొంగననుకో."

పెద్దకోడలు నోరు తెరిచింది. అత్తగారు మాత్రం ఏదో బరువు దిగినట్టు ఊపిరి వదిలింది. "చూశావా, తన నోటితోనే ఒప్పుకుంది! నేను మొదటి రోజే అనుకున్నా!" అంది. చిత్రమేమిటంటే ఆ తర్వాత ఆమెను ఎవరూ బతిమాలలేదు, బలవంతపెట్టలేదు. రోగిష్టి మనిషిని నమ్మలేకపోయారు గానీ, సోమరిపోతును క్షణంలో నమ్మేశారు. ఇరవై ఏళ్ళ చాకిరీతో తెచ్చుకున్న మంచిపేరు ఒక్క మాటతో పోయింది. ఆ పేరు పోతే గానీ ఆమెకు కూర్చోడానికి కుర్చీ దొరకలేదు.

హోటలు బండి వచ్చే వేళవుతోంది. ఇక గతిలేక ఆమె మొగుడు ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, ప్యాంటు మడత పెట్టుకుని తొట్టి దగ్గరికి వెళ్ళాడు. గుడ్డ రెండో చివర పట్టుకున్నాడు. భార్య వైపు చూడలేదు. ఆ చేతులు ఇన్నేళ్ళూ తొట్టికి పదడుగుల దూరంలోనే ఉన్నాయి. ఆ చేతులు గుడ్డ పట్టగలవని ఆమెకు కూడా ఎప్పుడూ తట్టలేదు, అందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

ఒక గుడ్డ అయింది, ఇంకొకటి అయింది. మూడోదో నాలుగోదో లాగుతూ అతను చప్పున నడుం పట్టుకున్నాడు. "అమ్మా" అన్నాడు.

"ఏమైందిరా నాయనా?" అత్తగారు వంకర వేళ్ళు చాచుకుని పరుగెత్తింది.

"నడుం పట్టేసినట్టుందమ్మా."

"అయ్యయ్యో, నీకెందుకురా ఈ మొరటు పని! వదిలెయ్, వదిలెయ్ ఆ గుడ్డ. మగపిల్లాడి నడుం, ఏమన్నా అయితే ఎలా? ఒసేయ్ పెద్దదానా, నూనె వేడి చెయ్. ఇలా రా నాన్నా, పడుకో."

అత్తగారే వెనక గదిలో పుల్ల పడుకునే మంచం మీది దుప్పటి దులిపి కొడుకును పడుకోబెట్టింది. కొన్నాళ్ళు వాడు వంగకూడదని, నిలబడకూడదని తానే తీర్పు చెప్పింది. సాయంత్రం పెద్దకొడుకు రాగానే, గుడ్డలు పిండడానికి రేపటికల్లా ఒక కూలిమనిషిని చూడమంది. ఎక్కడ నొప్పి, ఏదీ చూపించు, అని ఎవరూ అడగలేదు.